పండుకున్న గొల్లభామల డ్రమ్ము

మా పడుచు రోజుల్లో సిద్దిపేటలో మనిషి పరపతి ఎంతో తెలుసుకోవాలంటే అతనింటి పెండ్లి ఊరేగింపులో ఎంత చప్పుడైందో అడిగితే చాలు. నిజాం పాలన ఇంకా నడుస్తున్న కాలం. లౌడుస్పీకర్ల హోరు మా గల్లీల దాకా రాలేదు కనుక ఆ చప్పుడంతా మనుషులే ఊదీ, బాదీ చేయాల్సి వచ్చేది. అలా చప్పుడు చేసి బతికేవాళ్ళలో మా మేనమామ ఒకడు. క్లారినెట్ ఊదేవాడు కాబట్టి ఊరంతా ఆయన్ను బూర మామ అని పిలిచేది (ఆయనకన్నా పెద్దవాళ్ళు కూడా). నాకేమో ఆయన బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించాలని ఒకటే పిచ్చి. మా బాపు నేతగాడు, గొల్లభామ చీరలు నేసేవాడు. తల మీద పాలకుండ పెట్టుకొని వరుసగా నడిచిపోయే ఆడవాళ్ళను ఒక్కొక్క పోగూ ఎత్తి అంచు మీద నిలబెట్టే మనిషికి చప్పుడంటే గిట్టుతుందా? "మగ్గం గుంటల కాళ్ళు పెట్టి కూసోవాల్సినోడు సడక్ మీద డోలు మోసుకుంట తిరుగుడేంది" అని చాలా రోజులు సాధించి, చివరికి అమ్మ పోరు పడలేక ఒక మాటకు వచ్చాడు. "మొదటి పెండ్లికి నేనే వచ్చి సూస్త. నలుగుర్ల నవ్వులపాలు కాకుంటే బ్యాండుల ఉండు. నవ్విన్రో, తెల్లారి వచ్చి మగ్గం మీద కూసో."

ఆ మాట మీదే నా బతుకంతా ఆధారపడి ఉందని నేను నమ్మాను. నా భయమంతా ఏమిటంటే, బూర మామ సికింద్రాబాదు నుంచి ఎడ్లబండి మీద తెచ్చిన డ్రమ్మును చూస్తే ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది. ఏదో పాత పటాలం డ్రమ్మట. తోళ్ళు చిరిగి, ఒంటి మీది రంగు పొక్కులు పొక్కులుగా లేచి, అమ్మవారు పోసి తగ్గిన మనిషిలా ఉంది. కొత్త మేకతోళ్ళు మామ బిగించాడు. రంగు గీకే పని నాది. గాజుపెంకుతో గీకుతుంటే ఒక రంగు కింద ఇంకో రంగు, దాని కింద మరొకటి. ఎంతమంది దొరలు దీన్ని వాయించారో గానీ, ఒక్కరికీ తమ ముందువాడి రంగు నచ్చినట్టు లేదు. చివరికి తేనెరంగు చెక్క బయటపడినప్పుడు, చేతులకు గాట్లు పడ్డా సరే, నేనే అడవికి పోయి ఆ చెట్టు నరికి తెచ్చినంత గర్వపడ్డాను.

ఇక కొత్తగా ఏ రంగు వేయాలన్న దాని మీద మా అరుగు మీద పెద్ద పంచాయితీ నడిచింది. ఆకుపచ్చ వేద్దామని నేనంటే, "పీర్ల పండుగకు తప్ప ఎవ్వలు పిలువరు" అన్నాడు మామ. ఎరుపంటే బోనాలకే సరిపోతుందన్నాడు. తెలుపు చర్చి పెండ్లిళ్ళకు బాగుంటుంది గానీ మా సడకు దుమ్ముకు రెండు రోజుల్లో మట్టిరంగవుతుంది. పసుపు మాత్రం వద్దే వద్దన్నాడు. "గది సర్కారు జెండా రంగు. కచేరోళ్ళు పిలిచి గిదేందని అడిగితే నువ్వు చెప్తవా?" అందరి పెండ్లిళ్ళకూ పోవాల్సిన డ్రమ్ము అందరికీ నచ్చాలి, ఎవరికీ చెందకూడదు. అలాంటి రంగు ఆ దేవుడు చేసినట్టు లేదు. చాటలో చింతగింజలు చెరుగుతూ అంతా వింటున్న అమ్మ అప్పుడు నోరు విప్పింది.

"రంగు రంగు అని కొట్లాడుతున్నరు గని, మీ బావ నేసిన అంచు మిగిలింది ఇంట్లున్నది గద తమ్మీ. దాన్ని చుట్టి అతికియ్యిన్రి. గొల్లభామను వద్దనెటోడు ఎవడు?"

నేను లేచి ఆ అంచు తెచ్చాను. అమ్మ చింతగింజలు నానబెట్టి, రుబ్బి, జిగురు కాచింది. డ్రమ్మును బియ్యం గోలెం లాగ అరుగు మీద నిలబెట్టి, చుట్టూ తిరుగుతూ ఆ అంచును అతికించాం. నీలం మీద నారింజరంగు గొల్లభామలు, కుండలెత్తుకొని డ్రమ్ము చుట్టూ నడుస్తున్నట్టే ఉన్నారు. పైన బండ్లకు పూసే వార్నీషు పట్టించేసరికి తళతళలాడిపోయింది. గల్లీ గల్లీయే వచ్చి చూసింది. బాపు కూడా మగ్గం దగ్గరి నుంచి మెడ చాచి ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. (ఆయన ఏమీ అనకపోవడం మా ఇంట్లో మెచ్చుకోలు కిందే లెక్క.) దిష్టి తగులుతుందని మామ దాని మీద దుప్పటి కప్పి, పెండ్లి దాకా ఎవరినీ ముట్టనివ్వలేదు.

పెండ్లి ఒక షావుకారు ఇంట్లో. ఊరేగింపు కదిలే ముందు పట్టీలు నా మెడలో వేసి, డ్రమ్మును ఛాతీకి బిగించి, అప్పుడు మామ దుప్పటి లాగేశాడు. నేను దెబ్బ వేశాను. ఆ చప్పుడుకు నా గుండే అదిరింది. డ్రమ్ము మోసేవాడికి దాని ముందువైపు ఎలాగూ కనబడదు. పైవైపు కనబడుతుంది గానీ, ఆ రోజు నా గడ్డం అంత కిందికి దిగే స్థితిలో లేదు. పది అడుగులు వేశానో లేదో, రెండు పక్కలా గడపల్లో నిలబడ్డ వాళ్ళంతా తలలు పక్కకు వాల్చడం మొదలుపెట్టారు. నా దెబ్బకు తలలూపుతున్నారని మురిసిపోయి ఇంకా గట్టిగా వాయించాను. వాల్చిన తలలు మాత్రం మళ్ళీ లేవలేదు. అంతలో ఒక ముసలమ్మ అడిగింది.

"గీ గొల్లభామలన్నీ పండుకున్నయేంది బిడ్డా?"

కిందికి చూశాను. నిలబెట్టి అతికించిన డ్రమ్మును ఛాతీకి కట్టుకుంటే అడ్డం తిరుగుతుందన్న సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. సిద్దిపేట గొల్లభామలంతా కుండలతో సహా హాయిగా ఒరిగి ఉన్నారు. నవ్వు గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. నా చేతులు ఆగిపోయాయి. మూలమలుపులో, తలగుడ్డ చుట్టుకొని, మాట ప్రకారం వచ్చిన బాపు నిలబడి ఉన్నాడు. ఇక నా కాళ్ళు మగ్గం గుంటలోకే అనుకున్నాను. ఆయన పక్కనున్న, కల్లు గీసే గౌండ్లాయన పొట్ట పట్టుకొని, "ఏందన్నా, నీ గొల్లభామలు పడకేసినయ్" అన్నాడు.

బాపు దగ్గరికి వచ్చి, తల పక్కకు వాల్చి, తన నేతను తానే మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు.

"పొద్దందాక పాలమ్మి కాళ్ళు గుంజుతున్నయంట. జరసేపు ఒరిగిన్రు. లొల్లి చేసి లేపకు" అన్నాడు గౌండ్లాయనతో. తర్వాత నా వైపు తిరిగి, "నీ సేతులెందుకు ఆగినయ్? కొట్టు" అన్నాడు.

ఆ తర్వాత కూడా జనం నవ్వారు, ఇంకా ఎక్కువే నవ్వారు. కానీ ఆ నవ్వు నా మీద కాదు, మాతో కలిసి. నేను వాయించాను చూడండి, అలా మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు. ఆ పెండ్లితోనే కోహెడ నుంచీ, వర్గల్ నుంచీ పిలుపులు మొదలయ్యాయి. "గా పండుకున్న గొల్లభామల డ్రమ్మే కావాలె" అని అడిగి మరీ పిలిచేవాళ్ళు. పీకి నిలువుగా అతికిద్దామని మామ అంటే నేనే ఒప్పుకోలేదు.

అయినా మాట మాటే కదా. జనం నవ్వారు. పెండ్లి మరునాడు తెల్లవారే లేచి, ముఖం వేలాడేసుకొని మగ్గం దగ్గరికి పోయాను. బాపు అప్పటికే గుంటలో కూర్చొని ఉన్నాడు. తలెత్తకుండానే అన్నాడు: "గీడ నా కాళ్ళకే జాగ లేదు. పో, మీ మామ ఎదురుసూస్తుండు."

ఇప్పుడు నా మోకాళ్ళు నన్ను మోయడమే గొప్ప. ఏ పెండ్లి బ్యాండో మా వాకిలి ముందు నుంచి పోతే మాత్రం కర్ర పట్టుకొని గడప దాకా వస్తాను. మెడలో ఏమీ లేకపోయినా నా ఛాతీ దానంతటదే ముందుకు పొంగుతుంది. మనుమలు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.