ముందు టీచరమ్మ చదివేది

పోయిన ఆదివారం టీచరమ్మ చర్చికి రాలేదు. గంట కొట్టకముందే వచ్చి మూడో వరుసలో కూర్చునే మనిషి రాకపోయేసరికి పాస్టరయ్యగారు ఇంటికి మనిషిని పంపారట. తలుపు దగ్గరికి వేసి ఉంది. మంచం మీద నిద్రపోతున్నట్టే ఉంది. నిద్రలోనే పోయింది. ఆ కబురు నాకు నల్లా దగ్గర తెలిసింది. సగం నిండిన బిందె అక్కడే వదిలేసి పోయాను. దాన్ని ఎవరు తెచ్చి మా ఇంట్లో పెట్టారో ఇప్పటికీ తెలియదు.

మా గల్లీలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. పెండ్లి చేసుకోలేదు. మా ఇంటికి నాలుగిండ్ల అవతల, మూడు మెట్లెక్కితే ఒక అరుగు, రెండు గదులు, అదీ ఆమె ఇల్లు. నేను తొర్రూరు నుంచి వరంగల్‌కు కోడలిగా వచ్చిన రెండో ఏడే మా ఆయన మస్కట్ పోయాడు. నాకు అక్షరం ముక్క రాదు, మా అత్తకూ రాదు. మగవాళ్లు దూరదేశం పోయిన ఇండ్లు గల్లీలో ఇంకా ఉండేవి. అందరి ఉత్తరాలూ టీచరమ్మ అరుగు మీదికే చేరేవి.

ఆమెది ఒకటే పద్ధతి. తలపిన్నుతో కవరు చింపి, కండ్లద్దాలు కొంగుతో తుడుచుకుని, ఉత్తరమంతా ముందు తాను మనసులో చదువుకునేది. మనం ఎంత తొందరపడినా అంతే. "జర ఆగు బిడ్డా, ఉత్తరం ఎటు పోదు" అనేది. ఆ కాసేపు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తూ ఉండేవాళ్లం. చదవడం అయ్యాక "ముందు కూసో" అనేది. నిలబడ్డవాళ్లకు ఒక్క ముక్క చదివేది కాదు. "మంచిగున్నడు. ఇగ విను" అని మొదలుపెట్టేది. బాధపెట్టే మాట ఉంటే ఆఖరుకు, మన చేయి పట్టుకుని చెప్పేది. పక్కన ఎవరన్నా ఉంటే మొగుడూ పెండ్లాల మాటలు దాటేసి, ఆ పక్కవాళ్లు లేచి వెళ్లాక చదివేది. అప్పుడు ఆమెకే ఎక్కువ సిగ్గు.

ఒకసారి రెండు నెలలు ఉత్తరం రాలేదు. నాకు ఒళ్లు మండింది. "సచ్చిండా బతికిండా అని రాయుండ్రి టీచరమ్మా" అని నోటికొచ్చినవన్నీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"కోపం మొత్తం చెప్పు బిడ్డా. నేను సగమే రాస్త. ఉత్తరం ఆడికి చేరేవరకు కడమ సగం నీకే తగ్గుతది."

నిజంగానే తగ్గింది.

మా ఆయన ప్రతి ఉత్తరం చివర "టీచరమ్మకు నమస్కారాలు, వారి ఆరోగ్యం ఎట్లున్నది" అని రాసేవాడు. తన ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో తెలుసు కదా. మిగతా మగవాళ్లూ అంతే. ఆ ఒక్క లైను చదివేటప్పుడు ఆమె గొంతు మారేది. ఆమెకంటూ ఉత్తరం రాసేవాళ్లు ఎవరూ లేరు. ఆమెకు వచ్చే పలకరింపులన్నీ మా ఉత్తరాల చివర్లోనే వచ్చేవి.

ఆ ఉత్తరాల మీదే నా వేలు పెట్టించి అక్షరాలు దిద్దించింది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆమె చలవే. నా తలరాత చూడండి, నాకు చదవడం వచ్చేసరికి ఉత్తరాలే ఆగిపోయాయి.

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన మా ఇంటికి టేప్ రికార్డరూ, ఒక క్యాసెట్టూ తెచ్చి ఇచ్చాడు. మీట నొక్కితే మా ఆయన గొంతు! "అమ్మా, మంచిగున్నవా" అని పెట్టె అడిగితే, "మంచిగున్న కొడుకా" అని మా అత్త పెట్టెకు జవాబు చెప్పింది. ఇల్లంతా నవ్వు, ఏడుపు. ఆరు నెలలు తిరగకముందే గల్లీలో అందరికీ క్యాసెట్లే. రాసే పని లేదు, చదివే పని లేదు. టీచరమ్మ మాత్రం పొద్దున్నే అరుగు తుడిచి, పెన్ను పెట్టుకుని కూర్చునేది.

ఒకరోజు నన్ను ఆపింది. "క్యాసెట్ వచ్చిందటగద బిడ్డా. నన్నేమన్న అడిగిండా?"

అడగలేదు. పెట్టెతో మాట్లాడే మనిషికి కండ్ల ముందు ఇంట్లోవాళ్లే కనపడతారు. కానీ ఆ ముఖం చూసి లేదనడానికి నోరు రాలేదు. "అయ్యో, అడగకుంట ఉంటడా టీచరమ్మా! మీ మోకాళ్ల నొప్పి ఎట్లున్నదన్నడు" అనేశాను. ఆమె ఎంత సంబరపడిందో! అప్పటినుంచి ప్రతి క్యాసెట్టుకూ అదే అబద్ధం. టీచరమ్మను ఒక్క మాట పలకరించమని మా ఆయనకు తిరుగు క్యాసెట్లో చెబితే సరిపోయేది. మాట్లాడేటప్పుడు చుట్టూ పదిమంది ఉంటారు, మా అత్త నా చేతిలోంచి పెట్టె గుంజుకుంటుంది, మరిచిపోయేదాన్ని. ఇవన్నీ సాకులు. నాకు పట్టింపు లేకపోయింది, అంతే.

తర్వాత ఒకసారి వచ్చిన క్యాసెట్ ఇంటినిండా జనం మధ్య పెట్టాం. నవ్వుతూ వింటున్నాం. ఉన్నట్టుండి, మిషన్లో పడి రెండు వేళ్లు పోయాయని చెప్పాడు. మా అత్త గుండెలు బాదుకుంది. అందరూ నా ముఖం చూస్తున్నారు. నాకు ఏడవడానికి కూడా చోటు దొరకలేదు. టీచరమ్మ చదువుతుంటే ఈ మాట ఇట్లా నెత్తిన పడనిచ్చేదా? ముందు కూర్చోబెట్టేది కదా, చేయి పట్టుకునేది కదా అని అప్పుడు తెలిసివచ్చింది.

ఆ పై క్యాసెట్ రాగానే ఎవరికీ చెప్పకుండా కొంగు చాటున పెట్టుకుని, టేప్ రికార్డరుతో సహా ఆమె దగ్గరికి పోయాను. "ముందు మీరు వినుండ్రి టీచరమ్మా. విని నాకు చెప్పుండ్రి."

ఆమె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పెట్టెను లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నా అబద్ధం. తలుపు కొట్టి ఏం చెప్పను? లోపల మా ఆయన గొంతు సన్నగా వినపడుతోంది, మాటలు తెలియడం లేదు. ఒక పక్క అయిపోయింది. తిప్పి రెండో పక్క కూడా వేసింది. మొత్తం విన్నది.

బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"మంచిగున్నడు. చెయ్యి మానిందట, పనికి పోతాండట. ఇగ విను బిడ్డా." నా చేయి పట్టుకుంది. "రావుడు మాత్రం ఇంకో రెండేండ్లు పడ్తదట."

ఏడ్చాను. ఆమె చేయి వదలలేదు. నేను లేచాక పెట్టె నా చేతికిస్తూ అన్నది, "నన్ను గూడ అడిగిండు. మోకాళ్ల నొప్పి ఎట్లున్నదన్నడు. తగ్గిందని చెప్పు."

నేను తలెత్తలేకపోయాను. ఇంటికి పోయి రెండు పక్కలా విన్నాను. మా ఆయన అందరినీ అడిగాడు. బర్రె పాలిస్తోందా అని కూడా అడిగాడు. టీచరమ్మ ఊసే లేదు.

ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇక ఎత్తడానికి ఆమె లేదు. ఆ రోజు నేను వద్దంటున్నా వినకుండా, నొప్పి తగ్గిందని చెప్పమన్న ఆ మనిషి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి, నన్ను సాగనంపడానికి గల్లీలోకి వచ్చి నిలబడింది.