మోదుగుపల్లెకు బస్సు అడిగిన ప్రశ్న

మూడేళ్ల కిందట, బడ్జెట్ సమావేశాలు దగ్గర పడుతున్న రోజులు. గోదావరిఖనిలో ఒక మందుల దుకాణం పైఅంతస్తులో మా ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ఉండేది. పింఛను ఆగిందనీ, ట్రాన్స్‌ఫార్మర్ కాలిందనీ వచ్చేవాళ్లతో ముందు గది నిండిపోయేది. వెనక గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, నేను. శాసనసభలో ఆయన అడగవలసిన ప్రశ్నలు రాయడం నా పని.

అంతకుముందు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పాను. సాయంత్రాలు హేతువాద సభల్లో వాదించాను. గ్రహణం పట్టిన వేళ నడివీధిలో పులిహోర తిని చూపించినవాణ్ణి. సరైన ప్రశ్న అడిగితే ఎంత పాత అబద్ధమైనా కూలిపోతుందని నమ్మినవాణ్ణి. ఆ నమ్మకమే నన్ను ఈ బల్ల దగ్గరికి తెచ్చింది.

శాసనసభ ప్రశ్న ఎలా నడుస్తుందో బయటివాళ్లకు తెలిసేది తక్కువ. మంత్రి లేచి నోటితో జవాబు చెప్పవలసిన ప్రశ్నను స్టార్డ్ క్వశ్చన్ అంటారు. అచ్చులో దాని పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. సభలో ప్రశ్నలకు దొరికేది గంటసేపు. సభ్యులు పంపే ప్రశ్నలు కుప్పలు. అందుకని లాటరీ తీస్తారు. ప్రశ్నకు భాగాలుంటాయి: ఫలానా మాట వాస్తవమేనా అన్నది మొదటిది, అయితే ఏం చేయబోతున్నారు అన్నది రెండోది. మొదటిదానికి "లేదండి" అని జవాబొస్తే రెండోదానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట ఒకటుంది: "ప్రశ్న ఉత్పన్నం కాదు." ఈ పనిలో నేను మనసారా అసహ్యించుకున్న వాక్యం అదొక్కటే. ఎదురుగా నిలబడి దాహం అంటున్న మనిషితో, నీకు దాహమే పుట్టలేదు పొమ్మనే వాక్యం అది.

ఆ రోజు వచ్చినవాళ్లు మోదుగుపల్లె జనం. ఓపెన్‌కాస్ట్, అంటే నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే బొగ్గు గని, వాళ్ల ఊరిని మింగి కొన్నేళ్లయింది. అందరికీ రోడ్డుకు దూరంగా, మట్టిగుట్టల అవతల పునరావాస కాలనీ కట్టించారు. జనం నోట్లో అది ఆర్ఆర్ కాలనీ. ఊరున్నప్పుడు పొద్దున్నే ఒక బస్సు ఊళ్లోకే వచ్చి జిల్లా కేంద్రానికి పోయేది. ఊరు పోయింది, బస్సూ పోయింది. ఇప్పుడు బొగ్గు లారీలు లేపే దుమ్ములో నడిచి మెయిన్ రోడ్డు చేరితేగాని బస్సు లేదు.

వచ్చినవాళ్లలో రాజవ్వది పెద్ద గొంతు. ఆమె కొడుకు సమ్మయ్యకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు జిల్లా కేంద్రంలోని పెద్ద దవాఖానలో డయాలసిస్ చేయించుకోవాలి. పొద్దుటి విడతలో అతని పేరుంది. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది.

"పోయేటప్పుడు ఎట్లనో నడుస్తడు సారూ," అంది రాజవ్వ. "అచ్చేటప్పుడు కాళ్లల్ల పాణముండది. మొన్న రోడ్డు మీదనే కూలవడ్డడు. తాగిండనుకొని లారీ డ్రైవరు దిగి తిట్టిండు."

సమ్మయ్య నవ్వాడు. "తాగినా బాగుండు సార్. గ్లాసెడు మంచినీళ్లకే లెక్క అడుగుతున్నరు డాక్టర్లు."

నేను అక్కడికక్కడే ముసాయిదా రాసి చదివాను. "పునరావాస కాలనీ ప్రజలు బస్సు సౌకర్యం లేక ఇబ్బంది పడుతున్న మాట వాస్తవమేనా?"

రాజవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "గదేంది? మాకు ఊరు లేదా, పేరు లేదా?"

"మీరిప్పుడు ఉంటున్నది కాలనీ కదమ్మా."

"ఉండుడు కాలనీల. ఊరు మోదుగుపల్లె. బొగ్గు తవ్విన కాడల్ల ఒక ఆర్ఆర్ కాలనీ ఉంటది. గట్ల రాస్తే ఎవలనుకుంటరు మమ్ముల?"

"సరే, మోదుగుపల్లె నిర్వాసితుల కాలనీ అని రాస్తాను."

"నిర్వాసితులంటే?"

"ఊరు విడిచి వచ్చినవాళ్లు."

"మేం ఇడిసిపెట్టలే బిడ్డా. తీసుకున్నరు."

నాలోని సభావక్త లేచాడు. "పేరుకు మొక్కితే బస్సు రాదమ్మా. రాయికి మొక్కడం ఎంతో ఇదీ అంతే. మీకు కావలసింది పేరా, బస్సా?"

"నీకేం ఎరుక సారూ! మీ నాయిన ఆంధ్రకెల్లి వచ్చి బొగ్గు కంపెనీల ఇంజినీరు చేసిండట గదా. నువ్వు కోటర్ల పుడితివి. నీ ఇంటికి నంబరే ఉండె గని ఊరేడిది?"

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. క్వార్టర్ నంబరు తప్ప నాకు ఊరంటూ ఏదీ గుర్తులేదు.

నవ్వులు ఆగాక ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "పంచాయతి ఆఫీసు మీద బోర్డు తీసేసిండ్రు. బడి పేరు మార్చిండ్రు. అసెంబ్లీల మంత్రి నోటితోని ఒక్కసారి మా ఊరి పేరు పలికియ్యి బిడ్డా. ఆడ బుక్కుల అచ్చయితే మల్ల ఎవ్వలు తుడువరంటరు."

గుమ్మంలోంచి తొంగిచూసిన మా ఎమ్మెల్యే కూడా ఆమె వైపే మాట్లాడాడు. "వాళ్లు చెప్పినట్టే రాయి మాస్టారూ. ఊరెట్లాగో పాయె, పేరన్న ఉండనీ."

రాశాను. "మోదుగుపల్లె గ్రామ ప్రజలు బస్సు సౌకర్యం లేక ఇబ్బంది పడుతున్న మాట వాస్తవమేనా? అయితే ఆ గ్రామానికి బస్సును ఎప్పటిలోగా పునరుద్ధరిస్తారు?" నేను అడ్డుచెప్పింది సిద్ధాంతం కోసం. ఆ వాక్యంలో ఏం పొంచి ఉందో వాళ్లకు తెలియదు, ఎమ్మెల్యేకు తెలియదు, నాకూ తెలియదు.

లాటరీలో మా ప్రశ్న వచ్చింది. కాలనీకి కబురు చేస్తే, టీవీలో అందరం కలిసి చూద్దాం, నన్నూ రమ్మని పట్టుబట్టారు. ఎమ్మెల్యే హైదరాబాదులో ఉన్నాడు. నేను కాలనీకి వెళ్లాను. రాజవ్వ ఇంటి ముందు టీవీ బయటపెట్టి, ఎండ పడకుండా పైన దుప్పటి కట్టారు. ఆ రోజు డయాలసిస్ లేదు కాబట్టి సమ్మయ్య కూడా తువ్వాలు మెడలో వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎవరో గంపెడు మరమరాలు తెచ్చి పంచుతున్నారు.

స్పీకర్ మా ప్రశ్న నంబరు పిలిచాడు. మంత్రి లేచి కాగితం అందుకున్నాడు. "అధ్యక్షా, మోదుగుపల్లె గ్రామ ప్రజల గురించిన ప్రశ్నకు..."

అంతే. చప్పట్లు, ఈలలు. ఒకాయన లేచి తలపాగా విసిరాడు. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మంత్రి చదివిన మిగతా ముక్క ఆ గోలలో కలిసిపోయింది. టీవీకి దగ్గరగా ఉన్న సమ్మయ్య ఒక్కడే విన్నాడు.

"అవ్వా, సప్పట్లు ఆపున్రి," అన్నాడు. "లేదండి అన్నడు."

మంత్రి చదివింది ఇది. లేదండి. మోదుగుపల్లె గ్రామంలో ప్రస్తుతం ప్రజలెవరూ నివసించడం లేదు. రెండోదానికి, ప్రశ్న ఉత్పన్నం కాదు.

మా ఎమ్మెల్యే అనుబంధ ప్రశ్నకు లేచాడు. "అధ్యక్షా, ఆ ప్రజలు చనిపోలేదు. కాలనీలో ఉన్నారు. దవాఖానకు పోలేక..." మంత్రి మర్యాదగానే నవ్వాడు. "అధ్యక్షా, గౌరవ సభ్యులు అడిగింది గ్రామం గురించి. కాలనీ గురించి విడిగా నోటీసిస్తే తప్పక పరిశీలిస్తాం." అనుబంధ ప్రశ్న అసలు ప్రశ్నలోంచే పుట్టాలన్నది సభ నియమం. స్పీకర్ తరువాతి ప్రశ్న పిలిచాడు. అది ఇంకెక్కడిదో కోల్డ్ స్టోరేజీ గురించి.

"అంటే మనం లేమన్నట్టా?" అన్నాడు తలపాగా విసిరినాయన.

"లేకుంటే మంచిదేనే," అన్నాడు సమ్మయ్య. "రేపు దవాఖానకు పోయే పని తప్పుతది."

రాజవ్వ నా వైపు తిరిగింది. "పేరైతే అన్నడు గదా సారూ?"

అన్నాడమ్మా అన్నాను.

తరువాత బస్సు డిపో అధికారిని కలిశాను. ఇలాంటి జవాబులు మంత్రులు తయారుచేయరు. ప్రశ్న సచివాలయం నుంచి మెట్లు దిగి డిపోకు వస్తుంది, జవాబు అవే మెట్లెక్కి పోతుంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. టీ తెప్పించాడు. "మీరడిగింది మోదుగుపల్లె గురించి, నేను చెప్పింది మోదుగుపల్లె గురించి. అక్కడెవరైనా ఉన్నారా? మీరే చెప్పండి," అన్నాడు. లేరు. ఆయన రాసిన ప్రతి మాటా నిజమే. అన్నీ నిజాలే పేర్చి ఇంత పెద్ద అబద్ధం కట్టవచ్చని నా వాదసభల్లో నాకెవరూ చెప్పలేదు.

పేరుకు మొక్కుతోందని రాజవ్వను ఎగతాళి చేశాను. అసలు భక్తుడు ప్రభుత్వమే. ఆ మనుషులు ఎక్కడికి పోయారో దానికి బాగా తెలుసు. వాళ్లను అక్కడికి తరలించింది అదే, ఇళ్ల పట్టాలిచ్చింది అదే. అయినా బస్సు అడిగేసరికి పేరు చాటున దాక్కుంది. రాజవ్వ ఆ పేరు పట్టుకున్నది మనుషులను మరిచిపోకుండా ఉండటానికి. సర్కారు అదే పేరు పట్టుకున్నది వాళ్లను చూడకుండా ఉండటానికి. ఆ తేడా చూడలేక ఆమెదే మూఢత్వమని తూచిన నా హేతువాదం ఆ రోజు నాకే పొట్టిగా కనబడింది.

ఈసారి కాలనీ పేరుతో ప్రశ్న పంపాం. లాటరీలో రాలేదు. సమావేశాలు ముగిశాయి. మంత్రికి ఎమ్మెల్యే రాసిన ఉత్తరానికి, పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. వానలు పడ్డాయి. మట్టిరోడ్డు బురదయింది. ఆటోవాళ్లు కాలనీ వైపు రామన్నారు. సమ్మయ్యకు డయాలసిస్ ఒకటి తప్పింది, తరువాత ఇంకొకటి. ఒకనాడు ఊపిరాడక మంచంతోనే మోసుకుని మెయిన్ రోడ్డు దాకా తెచ్చారు. బతికాడు. ఆ తరువాత తల్లీకొడుకులు కాలనీ ఇంటికి తాళం వేసి, పెద్ద దవాఖాన వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నారు.

తరువాతి సమావేశాల్లో మా ప్రశ్న వచ్చింది. మంత్రి "అవునండి" అన్నాడు. రోడ్డు మీద కంకర పడింది, కొన్నాళ్లకు బస్సు కూడా వచ్చింది.

మొదటి రోజు నేనూ వెళ్లాను. మట్టిగుట్ట మలుపు తిరిగి బస్సు వస్తుంటే ముందు అద్దం పైన బోర్డు చూసి నిలబడిపోయాను. కొత్త తెల్లరంగు మీద ఎర్రటి అక్షరాలు: మోదుగుపల్లె.

కండక్టర్‌ను అడిగాను, ఎవరు రాయమన్నారని.

"ఎవలు రాయమంటరు సార్? డిపోల పెయింటర్ రాసిండు," అన్నాడు. "ఆర్ఆర్ కాలనీ అని రాస్తే ఏ కాలనీకి పోతదో ఎవనికి ఎరుక? మోదుగుపల్లె అంటెనే మంది ఎక్కుతరు."

రాజవ్వ నా బల్ల ముందు నిలబడి చెప్పిన తర్కమే అది. శాసనసభలో చెల్లని పేరు బస్సు బోర్డు మీద చెల్లింది. నేను దానికి మూఢభక్తి అని పేరు పెట్టాను. పెయింటర్‌కు అది బస్సు ఎటు పోతుందో చెప్పే గుర్తు, అంతే.

ఆ బస్సులోనే జిల్లా కేంద్రానికి వెళ్లి, దవాఖాన వెనక సందు వెతుక్కుంటూ పోయాను. సమ్మయ్య లోపల డయాలసిస్ మంచం మీద ఉన్నాడు. రాజవ్వ గది ముందు గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. బస్సు సంగతి చెప్పాను. బోర్డు సంగతి చెప్పాను. చేట కింద పెట్టింది.

"నిజంగనే గట్లనే రాసిండ్రా?"

"ఎర్ర అక్షరాలతో రాశారమ్మా."

తరువాత చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "మంచిగైంది బిడ్డా. పొద్దుగాల ఆడ ఎక్కితే ఈడ దవాఖాన కాడ దింపుతది." రాయి ఒకటి ఏరి పక్కకు వేసింది. "మేం ఈడనే ఉంటిమి. ఇగ మేం ఎక్కేదేడికెల్లి?"

ఆ పనిలో నేనింకా ఉన్నాను. ఇప్పుడు ప్రశ్న రాసే ముందు ఊరు పేరు, కాలనీ పేరు రెండూ రాస్తాను. అది సులువైన పాఠం, ఎవరైనా నేర్చుకుంటారు. కష్టమైనది ఇంకొకటి. సరైన ప్రశ్న అడిగితే చాలునని నేను నమ్మాను. జవాబు కోసం ఎదురుచూసేవాడికి ఎంత ఊపిరి మిగిలి ఉందో ఏ ప్రశ్నలోనూ రాయడానికి చోటుండదు. మేం గెలిచిన ప్రశ్నకు జవాబు బస్సై వచ్చి, మలుపు తిరిగి, మోదుగుపల్లెలో ఆగింది. ఎవరి కోసం అడిగామో వాళ్లు ఆ స్టాపులో లేరు.