ఆపబడదు

సర్కారు ఆడవాళ్ళకు బస్సు టికెట్ తీసేసిన తర్వాత మా ఊరి స్టేజిలో బస్సులు ఆగడం తగ్గిపోయింది. అన్నీ చీరలే కనపడితే డ్రైవరు దూరం నుంచే స్పీడు పెంచేవాడు. మధ్యలో ఒక్క ప్యాంటో లుంగీయో ఉంటే బ్రేకు పడేది. ఒకరోజు ఆగిన బస్సులోకి ఎక్కి డ్రైవరును నిలదీశాను.

"నిన్న మేం కండ్లకు కనపడలేదా అన్నా?"

"కనపడ్డరక్కా. అందుకే ఆపలే."

బస్సంతా నవ్వింది. ఆడవాళ్ళు కూడా. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

నేను నల్లగొండలో ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేస్తాను. డిగ్రీ చదివి, పుట్టినరోజు నాయకుల ముఖాలు తెల్లగా చేయడమే ఇన్నేళ్ళ నా ఉద్యోగం. ఆ మధ్యాహ్నం అన్నం మానేసి నా సొంత బోర్డు ఒకటి తయారు చేశాను. పసుపు మీద నల్లక్షరాలు. చెయ్యెత్తిన ఆడబొమ్మ మీద అడ్డంగా ఎర్రగీత. పక్కన చెయ్యెత్తిన మగబొమ్మ, దానికి పచ్చ టిక్కు.

"గమనిక: స్త్రీలు మాత్రమే నిలబడి ఉన్నచో ఇచ్చట బస్సు ఆపబడదు. కావున ఒక పురుషుని వెంట తెచ్చుకొనగలరు."

మొదట 'ఆగదు' అని కొట్టాను. మనుషుల మాటలా ఉంది. మా ఇళ్ళల్లో ఎవరూ అలా 'బడదు' అనరు. ఆఫీసుల్లోనే అన్నీ 'బడతాయి', చేసేవాడెవడో తెలియకుండా. 'ఆపబడదు' అని మార్చాకే దానికి సర్కారు ముఖం వచ్చింది. వానకు ఊడకుండా మంచి గమ్ముది చూసి స్టిక్కరు తీసి, తెల్లారి షెల్టరు గోడకు అంటించాను.

కాలేజీ పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. ఎదురుగా చాయ్ హోటలాయన, "నా కాడ చాయ్ తాగితే నేనొచ్చి నిలబడ్తనక్కా!" అని అరిచాడు. రెండు రోజులు నా అంత తెలివిగలది లేదనుకున్నాను.

మూడో రోజు సాయంత్రం ఇంటికొస్తుంటే మా వాడకట్టు అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. కూలికి పోయి బతికిన మనిషి. ఒక కన్ను పూర్తిగా మసకబారింది, రెండోదీ అదే దారిలో ఉంది. ఆ రోజే నల్లగొండ దవాఖానలో ఆపరేషన్.

"పోలేదా అవ్వా?"

"యాడ పోత బిడ్డా? మొగోడు లేంది బస్సు ఆపరని బోర్డు పెట్టిన్రట గద. హోటలాయన సదివి జెప్పిండు. మీ తాత ఉంటెనన్న తోలుకపోతుండె."

"చెయ్యన్న ఎత్తినవా?"

"వద్దని రాసినంక ఎట్లెత్తుత?"

"గది ఉత్తదే అవ్వా. ఎగతాళికి పెట్టింది."

"సర్కారు ఎగతాళి జేస్తదా బిడ్డా?"

ఎవరితోనైనా గంటసేపు వాదించగలను. పెట్టింది నేనేనని మాత్రం ఆమెకు ఆ పూట చెప్పలేకపోయాను.

పొద్దున్నే బ్లేడు తీసుకొని స్టేజికి పోయాను. నేను ఏరి తెచ్చిన గమ్మే నా గోళ్ళు విరగ్గొట్టింది. గీకుతుండగానే అవ్వ సంచితో వచ్చింది, డాక్టరును ఇంకో తారీకు అడగడానికి.

"నేనే పెట్టిన అవ్వా. నేనే తీసేస్తున్న."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"తీసేస్తే మంచిదే. మరి గిప్పుడు ఆగుతదా?"

హాలియా నుంచి నల్లగొండ బస్సు వచ్చింది. ఇద్దరం చేతులెత్తాం. దుమ్ము రేపుకుంటూ దాటిపోయింది. ఆమె చెయ్యి ఇంకా దించలేదు.

"పోయిందా బిడ్డా?"

"ఇంకోటి వస్తది," అన్నాను. రోడ్డు అవతలికి చూసి, నా గొంతు నాకే వినపడనంత మెల్లగా మొదలుపెట్టి, చివరికి గట్టిగానే పిలిచాను.

"అన్నా! జర వచ్చి నిలబడవా?"

హోటలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఈసారి చాయ్ మాట ఎత్తలేదు. అవ్వ వైపు చూడలేదు. మా పక్కన నిలబడి చెయ్యెత్తాడు.

తర్వాతి బస్సు ఆగింది.

మెట్టు మీద కాలు పెడుతూ అవ్వ నా భుజం పట్టుకుంది.

"ఉత్తదే అంటివి గద బిడ్డా."