మిల్లులో బిగించిన తుపాకీ

మా మరిదికి తుపాకీ అంటే భుజాన వేసుకుని ఫోటో దిగే వస్తువు. నాకది బోర్లా పడుకుని, చెంప ఆనించి, ఊపిరి ఆపి, యాభై మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీద చుక్కను కొట్టే పనిముట్టు. ఈ తేడాను ఆయన బుర్రకెక్కించడానికి నేను పడిన శ్రమతో, సూర్యాపేటలో నేను పాఠం చెప్పే కాలేజీలో ఇంకో రెండు సెక్షన్లకు అర్థశాస్త్రం పూర్తిగా చెప్పి ఉండేదాన్ని. వాళ్లకు కొంతైనా ఎక్కి ఉండేది.

డిగ్రీ రోజుల్లో ఎన్‌సీసీలో పట్టిన పాయింట్ టూటూ రైఫిల్‌ను నలభై దాటాక మళ్లీ పట్టాను. లైసెన్స్ కోసం వెళితే అక్కడి అధికారి కాగితాల మీంచి తలెత్తి, "సార్ కోసమా మేడమ్?" అన్నాడు. "సార్‌కు టీవీ రిమోటే బరువు" అన్నాను. ఫారం నా వైపు తిప్పాడు.

రైఫిల్ మంచిదే. గొట్టం, బోల్ట్, ట్రిగ్గర్, అన్నీ బుద్ధిగా పనిచేస్తాయి. ఇబ్బందంతా కట్టెతో. అంటే భుజానికి, చెంపకు ఆనే చెక్క భాగం. దాన్ని తయారుచేసినవాడు ప్రపంచంలో ఆడవాళ్లకు చేతులు ఉండవనుకున్నాడో, ఉన్నా అవి వంటకే అనుకున్నాడో తెలియదు. నాకు అది జానెడు పొడుగు. ట్రిగ్గర్ అందాలంటే భుజం ముందుకు తోసుకోవాలి. గురి చూసే సైటు కనపడాలంటే కొంగలా మెడ చాచాలి. మొదట్లో బాగానే కొడతాను. పోనుపోను మెడ పట్టేసి, చివరి గుళ్లు పక్కకు పోతాయి. రాష్ట్ర పోటీల్లో అర్హత మార్కు అలా రెండేళ్లు అంచుదాకా వచ్చి జారిపోయింది.

రెండోసారి జారిన రోజు మా ఆయన పేపర్ మడిచి పెట్టి తీర్పు చెప్పాడు.

"వచ్చేసారి గూడ రాకపోతే అది తమ్మునికి ఇచ్చేద్దాం. వాడు లైసెన్స్ పెట్టుకుంటడు. వాని రైస్‌మిల్లు కాడ ఉంటది, నీకు తిప్పలుండది."

"వస్తే?"

"వస్తే ఇగ నేను మాట్లాడ."

"అదొక్కటి చాలు నాకు" అన్నాను. అలా ఆ రైఫిల్ నాతో ఉండడం, పోవడం మరుసటి పోటీ మీద ఆధారపడింది.

కట్టె మార్చాలన్నది నా నిర్ణయం. ఏ కట్టె అన్నది మా మరిది నిర్ణయం అయిపోయింది. ఎందుకో అడగొద్దు. మా ఇంట్లో వస్తువును వాడేవాళ్లు ఎంచుకోరు. చూసేవాళ్లను తలుచుకుని మగవాళ్లు ఎంచుకుంటారు. కారూ అలాగే కొన్నారు. రోడ్డంతా తిరిగి చూడాలని ఏనుగంత బండి తెచ్చారు. అందులోకి ఎక్కాలంటే మా అత్తకు ప్లాస్టిక్ స్టూలు వెయ్యాలి. ఆ స్టూలును డిక్కీలో పెట్టుకుని పెళ్లిళ్లకు పోతాం.

దసరా ముందురోజు మిర్యాలగూడ నుంచి మరిది ఫోన్. ఆయుధపూజకు రైఫిల్ తీసుకుని మిల్లుకు రమ్మన్నాడు. వెళ్తే టేబుల్ మీద నల్లటి అల్యూమినియం చట్రం. ఒళ్లంతా చిల్లులు, మూలలు, మరలు. కట్టె బదులు బిగించేది, చాసీ అంటారట. మిల్లుతోపాటు లారీలూ ఉన్న మనిషికి ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చి ఉంటుంది.

"వదినా, గిది సూడు! ఫుల్ మెటల్. మిలటరీ లెక్క లేదా?"

"ఉంది. నేను బార్డర్‌కు పోతున్నట్టు నీకెవరు చెప్పిండ్రు?"

"గట్లంటవేంది! మన ఇంట్ల తుపాకీ అంటే జర వజను ఉండాలె."

"ఆ వజను మోసేదెవరు?"

"పండుకొనే గద నువ్వు కొట్టేది. నేల మోస్తది."

కొలత ఎలా తీశావని అడిగాను. తన భుజానికి పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడట. మనిషి ఆరడుగులు. నా మెడ కోసం తెచ్చిన వస్తువుకు కొలత ఆయన అద్దం.

నేను రైఫిల్ నుంచి, అది లేకపోతే పేలదు కనుక, బోల్ట్ తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, లోపల తోటికోడలిని పలకరించి వచ్చేసరికి పని అయిపోయింది. నా పాత కట్టె ఊడి గోడకు ఆనించి ఉంది. మరిది చెమటలు కక్కుతూ చాసీ మరలు బిగిస్తున్నాడు. అలెన్ కీకి వెనక మూరెడు ఇనుప పైపు తొడిగాడు. రైస్‌మిల్లులో ప్రతి యంత్రం వణుకుతూనే ఉంటుంది. బిగువు తగ్గితే బోల్టులు ఊడి బియ్యంలో పడతాయి. అందుకని వాళ్లు దేన్ని బిగించినా పైపు తొడిగే బిగిస్తారు. అది అక్కడి పద్ధతి. కానీ వేలితో తాకితే పలికే రైఫిల్‌ను ధాన్యం ఆడే మిషన్‌లాగా బిగించిన మనిషి ఈ భూమ్మీద మా మరిది ఒక్కడే అయ్యుంటాడు.

"ఆపు! అంత బిగించొద్దు దాన్ని."

"ఊడితే? ఇగ సూడు, ఏనుగు గుంజినా రాదు."

తర్వాత ట్రాక్టరు, కాంటా, స్పానర్ల వరుసలో నా రైఫిల్‌ను పడుకోబెట్టి, మరల గుంటల నిండా పసుపు, కుంకుమ నింపాడు. వెంటనే విప్పబోతే చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "పూజైనంక పున్నం దాక ఇప్పొద్దు వదినా, అశుభం!" నాతో వచ్చిన మా ఆయన పక్కన నిలబడి పూజ నిమ్మకాయను తదేకంగా చూస్తున్నాడు. కాల్చి చూపిస్తే తప్ప వీళ్లకు బుద్ధి రాదనుకుని, పాత కట్టెను కూడా కారులో వేయించుకుని వచ్చేశాను.

పున్నమి దాకా ఎవరాగుతారు? ఆ ఆదివారమే మా ఆయనను వెంటబెట్టుకుని కోదాడ షూటింగ్ రేంజ్‌కు వెళ్లాను. ఎండకు కాగిన అల్యూమినియానికి చెంప ఆనిస్తే దోసె పెనమే. రుమాలు వేసుకుని కాల్చాను. గుళ్లు ఒక్కచోట పడలేదు. కాగితమంతా చిల్లులు, ఆ చాసీకి తోబుట్టువులా.

పక్క లేన్‌లో ఒక బ్యాంకు ఉద్యోగిని కాలుస్తోంది. నాలాగే పొట్టి, నాలాగే నోరు. ఆమెదీ నాదీ ఒకే రకం రైఫిల్. లేచొచ్చి చూసింది.

"ఏంటండీ ఇది, బొట్టు పెట్టారేంటి దీనికి?"

"పెళ్లి చేశారు. మిల్లుకిచ్చి."

ఆమె పడీపడీ నవ్వింది. మా ఆయన నవ్వలేదు. మరలు విప్పడానికి ఇద్దరం వంగి గుంజాల్సి వచ్చింది. కుంకుమ రాలి చాప ఎర్రబడింది. అంత బిగువులో ఇనుము ఎటు గుంజుకుపోయిందో, గుండు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

"నేను కొత్త కట్టె తెప్పించుకున్నానండీ. నా పాతది ఊరికే పడుంది. పట్టి చూడండి, నచ్చితేనే" అంది.

చూడటానికి దరిద్రంగా ఉంది. నీలం, బూడిద రంగు చెక్క పొరలు అతికించిన కట్టె. కానీ భుజానికి ఆనే పలక ముందుకూ వెనక్కూ జరుగుతుంది, చెంప ఆనే ముక్క పైకీ కిందికీ కదులుతుంది. కట్టె ఎంచుకోవడానికి అద్దం అక్కర్లేదు. కళ్లు మూసుకోవాలి. పడుకుని, చెంప హాయిగా వాల్చి, అప్పుడు కళ్లు తెరవాలి. సైటు ఎదురుగా ఉంటే అది మీ కట్టె. వెతుక్కోవాల్సి వస్తే ఇంకొకరిది. పలకను లోపలికి జరిపి, చెంపముక్కను కాస్త పైకెత్తి, కళ్లు మూసి తెరిచాను. చుక్క నా ఎదురుగా కూర్చుని ఉంది.

మా ఆయన వంగి చూసి, "గిది పిల్లలాడుకునే దాని లెక్కుంది" అన్నాడు.

"అవును. మీ తమ్ముడిది పెద్దలు ఆడుకునేది" అన్నాను.

రైఫిల్‌ను దాంట్లోకి మార్చి, మరలను చేతి బిగువుతో ఆపి కాల్చాను. గుళ్లన్నీ ఒకదాని మీదొకటి ఎక్కాయి. కట్టెను అక్కడికక్కడే కొనేశాను. ఆ కాగితాన్ని మడిచి మా ఆయన చొక్కా జేబులో నేనే పెట్టాను.

హైదరాబాద్‌లో జరిగిన పోటీలో చివరి గుండు దాకా నాకు మెడ ఉందన్న సంగతే గుర్తు రాలేదు. అర్హత మార్కు దాటాను, మిగులు కూడా ఉంది. తిరిగి సూర్యాపేట దాకా మా ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. అంత ప్రశాంతమైన ప్రయాణం మా కాపురంలో ఇంకోటి లేదు.

చాసీని మరిదికి తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడది మిల్లు ఆఫీసులో, ఆయన కుర్చీ వెనక గోడకు వేలాడుతోంది. గొట్టం లేదు, ట్రిగ్గర్ లేదు, ఉత్త చట్రం. వేములపల్లి నుంచి వడ్లు తెచ్చే రైతులు దాన్ని చూసి కొంచెం దూరంగా నిలబడతారట. ఈ ముక్క గర్వంగా చెప్పింది ఆయనే. మొన్న దసరాకు మళ్లీ ఫోన్ చేశాడు.

"వదినా, ఒక్కపూట నీ రైఫిల్ తెచ్చి దీంట్ల పెడితే పూజకు నిండుగుంటది గదా."

"అక్కర్లేదు. నీ దగ్గర ఉన్నదానికే చెయ్యి పూజ. మీ ఇంటి ఆయుధం అదే" అని పెట్టేసి, కట్టె మరలను రెండు వేళ్లతో సరిచూసుకుని, ప్రాక్టీసుకు కోదాడ బయలుదేరాను.