బంద్ నాడు మూగబోయిన రేడియో

ఒక పెద్దమనిషి ప్రాణంలా కాపాడుకున్న లైసెన్సు ఒక్క పూటలో నా బరువు కింద నలిగిపోబోయిన కథ ఇది. బరువంటే బాధ్యత అనుకునేరు. కాదు, అచ్చంగా నా ఒంటి బరువే.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ, తార్నాకలో మూర్తిగారి మేడమీద గదిలో అద్దెకుండేవాణ్ణి. తిండి కింద ఆయన భార్య, మా ఆంటీ, చేతి వంటే. ఆయనది భీమవరం వైపు. మాది జనగామ దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. టీవీలో వార్తలు మొదలైతే ఇద్దరం చెరో కిటికీలోంచి బయటికి చూసేవాళ్లం. మమ్మల్ని కలిపింది హామ్ రేడియో. డాబా మీద యాంటెన్నా కట్టుకుని, తనలాగే లైసెన్సున్న వాళ్లతో కబుర్లాడటం ఆయన వ్యసనం. దాన్ని నాకూ అంటించి, లైసెన్సు పరీక్షకు తయారు చేస్తున్నారు.

రూల్సంటే ఆయనకు మడి వంటతో సమానం.

"లైసెన్సు లేనివాడు ఏం చెయ్యొచ్చు?"

"ఇనొచ్చు అంకుల్."

"మాట్లాడాలంటే?"

"లైసెన్సున్నాయన పక్కనుండాలె."

"రేడియోలో రాజకీయాలు?"

"మాట్లాడొద్దు. మాట్లాడితే లైసెన్సు పోతది."

"ఎవరిది?"

"మీది."

"అదీ. పెన్షన్ పోయినా బతుకుతాను గానీ, అది పోతే బతకలేను నాయనా."

పరీక్ష దగ్గర పడ్డాక ఒక బంద్ వచ్చింది. పొద్దున్నే మూర్తిగారు మేడమీద రేడియో పెట్టి, "స్నానం చేసొస్తాను. విను, అంతే. మైకు ముట్టుకోకు," అని కిందికి వెళ్లారు. అంబర్‌పేట్ ఆయనెవరో "ఎవరైనా ఉన్నారా?" అని పిలుస్తున్నాడు. నా చెయ్యి మైకు వైపు పాకింది. ఠక్కున రూలు గుర్తొచ్చింది. కంటికి కనబడితే కదా ఆశ అని, మైకు తీసి కుర్చీలో దిండు కింద దాచాను. నా నిగ్రహానికి నేనే ముచ్చటపడి, ఆ దిండు మీదే కూర్చున్నాను.

మైకుకు పక్కన ఒక మీట ఉంటుంది. అది నొక్కితే మన మాట ఊరికి పోతుంది, ఊరి మాట మనకు వినపడదు. మీకు అర్థమైపోయింది కదా. నాకు కాలేదు. రేడియో మూగబోతే, పాపం వీళ్లూ బంద్ పాటిస్తున్నారు అనుకున్నాను.

ఇంతలో హాస్టల్ నుంచి నా దోస్తు యాదగిరి వచ్చాడు.

"ఏందిర, రేడియో సప్పుడు లేదు?"

"రేడియో గూడ బంద్ చేస్తున్నది."

"అయితే జై తెలంగాణ," అన్నాడు రేడియోకు దండం పెట్టి.

"జై తెలంగాణ," అన్నాను వాడికంటే గట్టిగా.

"ఆంధ్రోళ్ల ఇంట్ల తిండెట్లున్నది?"

"అన్నీ మంచిగనే ఉంటయ్. ఆంటీ పప్పే జర చెరువు లెక్క. గింజ దొరకాలంటె ఈదాలె."

"రాష్ట్రమొస్తె మీ ముసలాయన పోతడా మరి?"

"ఎందుకు పోతడు? రాష్ట్రం రావాలె, అంకుల్ గీడనే ఉండాలె. పోతా అన్నా నేను పోనియ్య. మా నాయన నాకు దున్నుడు నేర్పిండు, ఈయన గిది నేర్పుతున్నడు. నాకు ఇద్దరు ఒకటే."

మెట్ల మీద దడదడ చప్పుడైంది. ఒంటికి తువ్వాలు, తలకు సబ్బు నురగ, చెవి దగ్గర సెల్‌ఫోనుతో మూర్తిగారు. రేడియోలో నా మాటలు విన్నవాళ్లెవరో ఆయనకు ఫోను చేసి, అవే వినిపించారట. వెనకే ఆంటీ. దిండు కిందికి పోయిన మైకు వైరును ఆయన ఒక్క చూపు చూశారు.

"లే," అన్నారు.

"నేను మైకు ముట్టలే అంకుల్."

"ముట్టలేదు నాయనా, కూర్చున్నావు. ముందు లే."

లేచాను. రేడియోకు ప్రాణమొచ్చింది. "అమ్మయ్య, వదిలాడు," అంది అంబర్‌పేట్ గొంతు. ముషీరాబాద్ నుంచి ఇంకో గొంతు నవ్వు ఆపుకోలేక దగ్గుతోంది. అప్పుడు అర్థమైంది నాకు. ఆయన లైసెన్సు మీద నేను చేసిన నినాదం ఊరంతా విన్నది.

మూర్తిగారు మైకు అందుకుని, రేడియోలో తన గుర్తింపైన కాల్‌సైన్ చెప్పారు. "ఇందాక మాట్లాడినవాడు మా అబ్బాయి. పక్కన ఉండాల్సినవాణ్ణి, నేను లేను. తప్పు నాది."

మైకు పెట్టేసి కళ్లు తుడుచుకున్నారు. "సబ్బు పడింది," అన్నారు, ఎవరూ అడక్కుండానే.

ఆంటీ మాత్రం "చెరువా?" అని ఒక్క మాట అడిగి కిందికి వెళ్లింది. మర్నాడు పప్పులో గరిటె నిటారుగా నిలబడింది.

పరీక్ష దాకా వీధిలోకి ఏ జీపొచ్చినా మూర్తిగారి లైసెన్సు కోసమే అనుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తాను. పరీక్షలో అధికారి అన్నీ అడిగి, చివర్లో కళ్లద్దాలు తీశాడు.

"లైసెన్సు లేనివాడు మైకు దగ్గర ఎట్లుండాలె?"

"నిలబడి ఉండాలె సార్."

ఆయన పెన్ను కింద పెట్టి, నన్ను ఎగాదిగా చూశాడు. "పప్పు ఇప్పుడు ఎట్లుంటున్నది?"

ఈయనా విన్నాడన్నమాట. "గట్టిగుంటున్నది సార్."

"అయితే పాసైనవ్. ఆ రోజే ఆయన తప్పు ఒప్పుకున్నడు, ఆయన లైసెన్సుకు ఢోకా లేదు. నువ్వు రేడియో కాడ ఉంటె స్నానానికి పోవద్దని చెప్పు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మైకు దాచనేల, దాని మీద కూర్చోనేల అంటాను నేను. కనుక పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా నేను పాడుచేసిన ఆ గాలి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: దిండెత్తి చూడకుండా ఈ జన్మలో ఏ కుర్చీలోనూ కూర్చోను. పెళ్లిచూపుల నాడు కూడా ఎత్తి చూసే కూర్చున్నాను. పిల్లవాడికి ఇదేం అలవాటని వాళ్లడిగితే, నా తరఫున పెద్దగా వచ్చిన మూర్తిగారే సర్దిచెప్పారు: "మా అబ్బాయి రూల్సు పాటిస్తాడండీ."