లాయరుగారికి ఆనపకాయలు

ఆ రోజు పొద్దున ఏలూరులో కుర్ర లాయర్లకి క్లాసు చెప్పి తాడేపల్లిగూడెం బస్సెక్కాను. సాయంత్రం అక్కడ ఇంకో క్లాసుంది. క్లయింట్లు తిరిగి తమ మీదే కేసు వెయ్యకుండా ఎలా జాగ్రత్తపడాలో లాయర్లకి నేర్పడం నా పని. “పొరపాటు జరిగితే క్లయింటు దగ్గర మాత్రం ఒప్పుకోకండి. ముందు నాకు ఫోన్ చెయ్యండి,” అన్నాను. అందరూ తలలూపారు.

ఉంగుటూరులో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్ళో సంచినిండా ఆనపకాయలు. నేను చూడటం గమనించి, “మా లాయరుగారికండి,” అంది.

“కేసు గెలిచారాండి?”

“ఓడిపోయామండి. పక్క చేపల చెరువు ఊటకి మా వరిచేను పాడైపోతోందని వేశాం. అప్పీలు గడువు ఆయన మర్చిపోయేరు.”

నేను ఆవిడ వైపు తిరిగాను. ఆవిడే చెప్పింది.

“ఆయనే మా ఇంటికొచ్చి, తప్పు నాదేనమ్మా, నా మీద కేసు వేసుకున్నా న్యాయమే అన్నారండి. మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత, ఈయన చెప్పకపోతే మనకెలా తెలిసేదే అన్నారు. ఇప్పుడు మా తమ్ముడి కేసు కూడా ఆయనకే ఇచ్చామండి.”

నేను కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను.

“మీరేం చేస్తుంటారండీ?” అని అడిగింది కాసేపటికి.

లాయర్ల సంగతి నోటికి రాలేదు. “పాఠాలు చెబుతానండి,” అన్నాను.

“మంచి పనండి. పిల్లలు మీ మాట వింటారాండి?”

“వింటారండి,” అన్నాను, ఆవిడ వైపు చూడకుండా.