పెట్టెల పిన్నీ, మలుపింటి అక్కా

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, వీధిలో ఎవరినడిగినా చెప్పలేరు. పెద్దలకీ పిల్లలకీ, ఆఖరికి ఆవిడకన్నా వయసులో పెద్దవాడైన దర్జీకి కూడా ఆవిడ పెట్టెల పిన్నే. స్కూటరు వెనక మడత నిచ్చెన, భుజాన సంచీ, కొప్పులో పిన్నుకి బదులు స్క్రూడ్రైవరు. తల దువ్వుకోవడం మర్చిపోయిన రోజులున్నాయి గానీ, స్క్రూడ్రైవరు మర్చిపోయిన రోజు లేదు.

ఆవిడ పని గురించి చెప్పాలంటే ముందు ఆ వీధి గురించి చెప్పాలి. పల్లంలో ఉంటుంది. రెండు పక్కలా గిడ్డంగుల గోడలు. ఆకాశం చూడాలంటే మెడ విరగాలి. సెల్ టవరు గుట్ట అవతల ఎక్కడో ఉంది. దాని సిగ్నలు వీధి నెత్తిమీదుగా పోతుందే తప్ప కిందికి దిగదు. డాబా ఎక్కితే కాస్త అందుతుంది, అదీ దాని దయ. అయితే ఇంటింటికీ వైఫై ఉంది, గోడ దాటని బుల్లి వైఫై, ఎవరిది వాళ్ళకి. ఫోను కంపెనీవాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. ఇంటికో చిన్న పెట్టె పెట్టి, ఆ ఇంటి వైఫైని తమ టవర్లతో ముడేస్తే ప్రతి ఇల్లూ ఒక చిన్న టవరైపోతుంది కదా! మాట్లాడుతూ నడిచే మనిషి ఫోనుని ఈ ఇంటి పెట్టె ఆ ఇంటి పెట్టెకి అందిస్తుంది, నిప్పంటుకున్నచోట నీళ్ళ బిందెలు చేతులు మారినట్టు. మాట మధ్యలో తెగదు. ఆ పెట్టెలు బిగించేదే మన పిన్ని.

బిగించడం ఎంతసేపు! జనానికి అర్థమయ్యేలా చెప్పడమే చచ్చే చావు. మీరు మాట్లాడుతూ నడుస్తుంటే ఫోను పక్కింటి పెట్టెలోంచి వెళ్తుందండీ అని ఒకరోజు పిన్ని నోరు జారింది. అంతే. ఇరుగుపొరుగు మాటలు తమ ఇంట్లోంచి నడిచి వెళ్తున్నాయని వీధి వీధంతా తీర్మానించేసుకుంది. ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాద చెయ్యొద్దూ మరి? గేటు ముందు ఎవరైనా ఫోన్లో మాట్లాడుతుంటే ఇంటావిడ మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి నిలబడేది. పక్కింటమ్మాయికి ఫోన్లో ఇంటర్వ్యూ ఉందని తెలిసి రిటైరైన లెక్కల మాస్టారు ముందుగది ఊడ్పించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెట్టె పక్కన కూర్చున్నారు. ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లోంచే వచ్చిందని మాస్టారు ఇప్పటికీ కనబడినవాళ్ళందరికీ చెబుతారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు మాట్లాడుకునే వేళకి దర్జీ భార్య తమ పెట్టె మీద దుప్పటి కప్పేది, వింటే బాగుండదని.

మర్యాదలున్నచోట తగువులూ ఉంటాయి. సెలూన్ ఆయన ఫోన్లో బూతులు మాట్లాడతాడని, అవన్నీ తమ నట్టింట్లో పడుతున్నాయని ఎదురింటివాళ్ళు పెట్టె ఆపేశారు. వాళ్ళ మాటలు తన కొట్లోంచి పోనిస్తే అడగండని ఆయనా ఆపేశాడు. దాంతో ఆ దారిలో అందరి ఫోన్లూ మూగబోయాయి. పెట్టెలో మాటలు నిలవుండవు, గాలి లాంటివి అని పిన్ని మొదట్లో ఓపిగ్గా చెప్పి చూసింది. కంపు మోసుకొచ్చేది గాలే కదమ్మా అన్నారు మాస్టారు. ఇక ఆవిడ ఒక దండం పెట్టి వాళ్ళ దారికే వచ్చేసింది. తగువొచ్చిన ఇంటికల్లా వెళ్ళి, మీరు పెట్టె ఆపితే నలుగురి నోరు కట్టేసినట్టండీ, ఆ పాపం మీకెందుకు అని బతిమాలేది. అది పనిచేసింది. సిగ్నలుకి లొంగనివాళ్ళు పాపానికి లొంగారు.

అలా వీధంతా దారికొచ్చింది, ఒక్క ఇల్లు తప్ప. వీధి మధ్యలో గిడ్డంగి గోడ ముందుకి పొడుచుకొచ్చినచోట ఒక మలుపుంది. ఆ మలుపులో ఉన్నది పిన్ని సొంత అక్క ఇల్లు. అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఏళ్ళ తరబడి లేవు.

ఎందుకంటారా? పిన్ని మొగుడు పోయి, ఉన్న ఇల్లు ఖాళీ చెయ్యాల్సొచ్చిన రోజులవి. ఆవిడ అప్పటికింకా ఈ ఫోన్ల పనిలోకి రాలేదు. సిగ్గు చంపుకుని అక్కకి ఫోన్ చేసి, కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉండనా అని అడిగింది. అక్క ఫోన్ పెట్టేసింది. అవును కాదు అని కూడా అనకుండా పెట్టేసింది. పిన్ని మళ్ళీ చెయ్యలేదు. అడుక్కునేవాళ్ళు కూడా ఒక గుమ్మానికి రెండోసారి పోరు, తోడబుట్టినదాని గుమ్మానికి తను పోతుందా? లాండ్రీ మీద ఒంటిగది అద్దెకి తీసుకుంది, ఈ కంపెనీలో చేరింది. అక్కా మళ్ళీ చెయ్యలేదు. పైగా ఎదురుపడితే మొహం తిప్పుకునేది, అన్యాయమేదో తనకే జరిగినట్టు!

అలాంటిది ఈ వీధి పని వచ్చినప్పుడు ఇంకొకరికి అప్పజెబుతామంటే పిన్ని ఒప్పుకోలేదు. కంపెనీ చెప్పాక చెయ్యాలిగా అంది. అబద్ధం. ఆవిడకి అక్క మాట కావాలి. తిట్టయినా సరే, ఒక్క మాట కావాలి.

మధ్యలో నలిగిపోయినవాడు బావ. ఆయనకి మరదలంటే ప్రాణం, పెళ్ళామంటే ప్రాణభయం. పెట్టె ఆయనే అడిగి తీసుకున్నాడు. ఇది దాని చేతి పెట్టె, నా ఇంట్లో ఉండటానికి వీల్లేదని అక్క తీగ పీకేసింది. ఆయన మళ్ళీ పెట్టాడు, ఆవిడ మళ్ళీ పీకింది. అప్పుడు బావ బుర్ర పాదరసంలా పనిచేసింది. పెట్టెని తీసుకెళ్ళి దుప్పట్లు దాచుకునే ట్రంకుపెట్టెలో పెట్టి, మూత సందులోంచి తీగ బయటికి లాగి, స్విచ్చేసి, పైన తాళం కూడా వేశాడు. వీధి చివరిదాకా వచ్చి మరదలి చెవిలో చెప్పాడు, ఇక ఢోకా లేదు, అది ఎవరికీ కనబడదని. నిజమే, ఎవరికీ కనబడలేదు. ఫోన్లకీ కనబడలేదు. ఇనప్పెట్టెలో బంధించిన పెట్టె ఎవరితో మాట్లాడుతుంది? పిన్ని సిగ్నలు కొలిచే మీటరు చూసుకుని నెత్తి కొట్టుకుంది. చేసిన సాయానికి బావని తిట్టడానికి మాత్రం ఆవిడకి మనసు రాలేదు.

ఇంతలో పరీక్ష రోజు వచ్చింది. కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చాడు, మెడదాకా గుండీలు పెట్టుకున్న నెమ్మదైన మనిషి. ఆఫీసులో ఒక మనిషికి ఫోన్ చేసి, అతని చేత ఆపకుండా మాట్లాడిస్తూ వీధి ఈ కొస నుంచి ఆ కొసకి నడవాలి. ఎక్కడా తెగకపోతే వీధి పాసైనట్టు. అవతలి మనిషి ఆపకుండా ఏం మాట్లాడతాడు పాపం, తన వంటింటి పైపు కారడం గురించి మొదలుపెట్టాడు. ఇంజనీరు ఊఁ కొడుతూ నడుస్తున్నాడు. పక్కన మీటరు పట్టుకుని పిన్ని. కంపెనీవాళ్ళ మాట తమ ఇళ్ళలోంచి వెళ్తోందని జనమంతా తలలు దువ్వుకుని గేట్ల దగ్గర నిలబడ్డారు. మాస్టారు నమస్కారం కూడా పెట్టారు, ఇంజనీరుకి కాదు, ఫోనుకి.

మలుపు దాకా పైపు చక్కగా కారింది. మలుపులో తెగిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచారు, మళ్ళీ అక్కడే తెగింది. ఈ ఇంటికి పెట్టె ఇవ్వలేదా అని ఇంజనీరు అడిగాడు. ఇచ్చాం సార్, ట్రంకుపెట్టెలో ఉంది అంది పిన్ని. ఆయనకి అది అర్థమయ్యే విషయం కాదు గనక తనే వెళ్ళి గేటు తట్టాడు. అక్క వచ్చింది. చెల్లెలు అసలక్కడ లేనట్టే ఇంజనీరుకేసి చూసి, మా ఇంట్లో పెట్టెలూ గిట్టెలూ ఉండవంది.

ఇంజనీరుకి అక్కాచెల్లెళ్ళ సంగతి తెలియదు. తెలిసిందల్లా సిగ్నలు. అదే వినయంగా చెప్పుకొచ్చాడు. డాబా మీద మాట్లాడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, మాట్లాడుతూ దిగి ఈ గేటు దగ్గరికొస్తే చాలు, గోడ అడ్డమొచ్చి కట్టయిపోతుంది. మీరు పెట్టేశారని వాళ్ళనుకుంటారు, వాళ్ళు పెట్టేశారని మీరనుకుంటారు. ఈ ఒక్క చోటు మీద ఎన్ని ఫిర్యాదులో అన్నాడు.

"ఎప్పట్నుంచి?" అంది అక్క.

"గోడ కట్టినప్పట్నుంచీనమ్మా."

"ఎవరూ పెట్టెయ్యకుండానే?"

"ఎవరూ పెట్టెయ్యక్కర్లేదమ్మా. ఇక్కడికొస్తే దానంతటదే పోతుంది."

దీపం కిందే చీకటంటారు. ఈ మలుపు సంగతి పిన్నికి తెలియదా? కంపెనీ మ్యాపులో దీనికి ఎర్రరంగు పూసిందే ఆవిడ. ఊళ్ళోవాళ్ళ తెగిన మాటలన్నీ అతికించే మనిషికి, తన మాటా ఇక్కడే తెగిందేమోనన్న ఊహ ఒక్కనాడు రాలేదు. అక్క పెట్టేసిందన్నది ఆవిడకి సిగ్నలు విషయం కాదు మరి. అది ఆవిడ బతుకులో అన్నిటికన్నా పెద్ద అవమానం.

అక్క ఇంజనీరు భుజం మీదుగా చెల్లెల్ని చూసింది.

"ఆ రోజు నువ్వు పెట్టెయ్యలేదా?"

"నువ్వే పెట్టేశావనుకున్నానక్కా."

"నేనా? నువ్వడుగుతుండగానే డాబా మెట్లు దిగొచ్చి, రావే, ఇప్పుడే రా అన్నాను. ఏమీ తెచ్చుకోకు, అన్నీ ఉన్నాయన్నాను. ముందుగది నీకే అన్నాను. నువ్వప్పుడే వచ్చేస్తున్నట్టు గేటు పట్టుకు నిలబడి చెప్పాను. అదంతా ఎవరికి చెప్పానే మరి?"

ఆ రాత్రే బావ చేత గదిలో మంచం వేయించిందట అక్క. చెల్లెలు రాలేదు. లాండ్రీ మీద గది తీసుకుందని ఎవరో చెబితే విని, నా ఇల్లు దానికి ఆనలేదు కాబోలనుకుందట.

చెప్పడం అయ్యాక అక్కకి ఎక్కడలేని కోపం వచ్చి ఇంజనీరు మీద పడింది. గోడ అడ్డముందని అప్పుడే వచ్చి ఒక ముక్క చెబితే నీ సొమ్మేం పోయిందయ్యా అని నిలదీసింది. కంపెనీ తరఫున క్షమించమన్నాడాయన. వింటున్న జనంలో గుసగుసలు బయల్దేరాయి. అలాగైతే మా తోడల్లుడు కూడా పెట్టెయ్యలేదేమో అన్నాడు సెలూన్ ఆయన, మొహం పాలిపోయి. ఇంట్లో బావ ఎప్పుడు తాళం తీశాడో, పెట్టె ఎప్పుడు బయటికి తెచ్చాడో గానీ ఇంజనీరు జేబులో ఫోను మోగింది. పైపు సంగతి చెబుతుంటే మధ్యలో పెట్టేస్తారా, ఇదేం మర్యాదండీ అని అవతలి మనిషి నిష్ఠూరమాడాడు. ఇంజనీరు ఆయన్ని సముదాయించుకుంటూ మలుపు దాటి వెళ్ళిపోయాడు. ఈసారి తెగలేదు.

అక్క మెట్టు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ దాచుకున్న కోపాన్ని ఇప్పుడెవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూసింది.

"అంటే ఇన్నేళ్ళూ మనం ఊరికేనా?" అంది.

పిన్ని మీటరు పక్కన పెట్టి, వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"ఊరికేనక్కా" అంది.